లేని వేళ్ళకు చోటు

ఆ వానాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కష్టపడి పనిచేసినవి మా అన్నయ్యకు లేని రెండు వేళ్ళు. ఇలా మొదలుపెడితే దీనికేదో తిక్క అనుకుంటారు. అనుకోండి. నేను బట్టలు కుట్టుకు బతికేదాన్ని. ఉన్నదానికి లేనిది తగిలించి చెప్పడం నాకు చేతకాదు, నోరు మాత్రం కాస్త పెద్దది.

అన్నయ్య తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. ఎండలు ముదిరిన రోజుల్లో రంపం మిషను అతని కుడిచేతి ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ మొదలంటా తీసుకుపోయింది. గాయం మానింది గానీ మనిషి కోలుకోలేదు. తొలివాన పడేసరికి ఆ చేతిని జేబులోంచి బయటికి తియ్యడమే మానేశాడు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినేవాడు, ఎడమచేత్తో తలుపు తీసేవాడు. ఇంటి వెనక గదిలో ఉన్న ఉలులన్నిటికీ నూనె రాసి, ఒక్కోదాన్నీ గుడ్డలో చుట్టి, చెక్కపెట్టెలో సర్దాడు.

"వానలు వెళ్ళేలోపు ఎవరికైనా ఇచ్చేస్తా," అన్నాడు. "పట్టు లేని చేతికి ఉలి ఎందుకు?"

పట్టంతా ఆ చివరి రెండు వేళ్ళదేనని నాకప్పుడే తెలిసింది. చూపుడు వేలు దారి చూపిస్తుందట, బొటనవేలు ఆపుతుందట. బిగించి పట్టేవి మాత్రం ఆ రెండేనట. పదిహేనేళ్ళ వయసు నుంచి ఉలి దించని మనిషి, రోజంతా కిటికీ దగ్గర కూర్చుని వాన చూసేవాడు.

వదిన ఒక హోటలుకు దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట పనిచేస్తుంది. ఒకరోజు గొడుగు ముడుస్తూ గుమ్మంలోనే నన్ను పట్టుకుంది.

"అమ్మాయ్, ఆయన పనిముట్లు సర్దడం కాదు, తనని తానే సర్దేసుకుంటున్నారు. నువ్వేదన్నా చెయ్యి. నీ మాటైతే వింటారు."

"నా మాట వినడం నేను పుట్టాక ఎప్పుడూ చూళ్ళేదు వదినా," అన్నాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా వీధి చివర పాత ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఐసు తియ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎవరైనా అక్కడికి వెళ్ళి, అక్కడున్న మిషన్ల మీద తమకు తోచిన వస్తువు చేసుకోవచ్చు. బోర్డు మీద మేకర్‌స్పేస్ అని ఉంటుంది గానీ మేమంతా షెడ్డు అనే అంటాం. ఒకావిడ వెనక కాళ్ళు పడిపోయిన తన కుక్కకి చక్రాల బండి చేస్తూ ఉంటుంది. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు మడతపడే కళ్ళజోడు చేస్తామని ఆరు నెలలుగా ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. నేను గుండీల కాజాలు కుట్టే మిషను కోసం వెళ్ళేదాన్ని.

షెడ్డుకి పెద్దదిక్కు లేత్ మాస్టారు. నలభై ఏళ్ళు ఇనుము చెక్కే లేత్ మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. నవ్వితే ఎక్కడ కొలత తప్పుతుందోనన్నట్టు ఉంటారు. ఆయన పద్ధతులు ఆయనవి. చేసిన వస్తువు బాగుందని చేసినవాళ్ళు చెప్పకూడదు, వాడినవాళ్ళ చెయ్యి చెప్పాలి. అందుకు ఆయన దగ్గర ఒక డబ్బాలో నీలిరంగు ముద్ద ఉంటుంది. పిడి లాంటిది ఏదైనా చేస్తే దానికి ఆ రంగు పల్చగా పూసి, ఒక రోజు వాడించి తెమ్మంటారు. రంగు పోయిన చోట చెయ్యి ఆనుతున్నట్టు, మిగిలిన చోట ఆననట్టు. ఆనని చోట చెక్క దండగ, తీసెయ్యాలి. అలా నాలుగైదుసార్లు చేస్తే గానీ పిడి చేతికి అమరదంటారు.

"మనిషి మొహమాటానికి అబద్ధం చెప్తాడమ్మా. రంగుకి మొహమాటం లేదు," అనేవారు.

నేను చెయ్యాలనుకున్నది ఒక చెక్క పిడి. ఉలి, రంపం, ఏ పనిముట్టుకైనా తొడగొచ్చు. మూడు వేళ్ళతో పట్టుకున్నా జారకుండా చేతి వెనక నుంచి తోలుపట్టీ బిగించాలి. పట్టీ కుట్టడం నాకు వచ్చు. పిడికి మాత్రం చేతి అచ్చు కావాలి.

అన్నయ్య కుడిచెయ్యి చూపించనన్నాడు.

"కొలత లేకుండా ఎలా చెయ్యమంటావు? సోది చెప్పేదాన్నా నేను?"

"ఎడమది తీసుకో," అని బల్ల మీద పెట్టాడు. "ఒకప్పుడు రెండూ ఒకలాగే ఉండేవి."

కర్రకి మట్టి మెత్తి, అతని ఎడమచేత్తో గట్టిగా పట్టించి అచ్చు తీశాను. షెడ్డులో కంప్యూటరు ఆ అచ్చుని అద్దంలో చూసినట్టు తిప్పి కుడిచేతిది చేసింది, మిషను దాన్ని చెక్కలో చెక్కింది. ఎడమచేతికి ఐదు వేళ్ళున్నాయి కాబట్టి పిడిలో గుంటలు కూడా ఐదు వచ్చాయి.

మాస్టారు దాన్ని తిప్పి చూసి, చివరి రెండు గుంటల మీద వేలు పెట్టారు. "ఇవి పూడ్చెయ్యి. లేని వేళ్ళకి చోటెందుకు?"

"ఉండనివ్వండి మాస్టారూ. పూడిస్తే లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మా అన్నయ్య అసలే ముట్టుకోడు."

"చెయ్యి చూసి పిడి చెయ్యాలి గానీ మనసు చూసి కాదు."

"మీరు పట్టిన కుందేలికి ఎప్పుడూ మూడే కాళ్ళు," అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, వేరే బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

తప్పు నాదే. బట్టలు కుట్టేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. కుట్టు లోపల కాస్త గుడ్డ వదులుతాం, రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చని. ఇప్పుడు లేకపోయినా ముందు ముందు అవసరం పడుతుందని చోటు వదలడం నా చేతిలో ఉన్న గుణం. చెక్కలో కూడా అలాగే వదిలాను.

మర్నాడు పొద్దున పిడికి నీలిరంగు పూసి వెనక గదిలోకి తీసుకెళ్ళాను. అన్నయ్య చాలాసేపు దానివైపు చూడలేదు. "ఒక్కరోజు వాడు. నచ్చకపోతే పొయ్యిలో పెట్టు," అన్నాను. చివరికి జేబులోంచి చెయ్యి తీశాడు. పట్టీ నేనే బిగించాను. చిన్న ఉలి ఒకటి గుడ్డలోంచి విప్పి, పనికిరాని చెక్కముక్క మీద పెట్టాడు. మొదటి పొర వంకరగా లేచింది. రెండోది తిన్నగా వచ్చింది. నేను వెళ్ళి నా మిషను ముందు కూర్చున్నాను. సాయంత్రందాకా వెనక గదిలోంచి ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పిడి తీసుకుని షెడ్డుకి పరుగెత్తాను. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని దీపం కింద తిప్పి తిప్పి చూశారు.

"ఇంకెవరు వాడారు?"

"ఎవరూ వాడలేదు."

"మీ వదిన?"

"పనికెళ్ళింది. ఇంకా ఇంటికి రాలేదు."

ఆయన పిడిని నా చేతికిచ్చారు. బొటనవేలి గుంటలో రంగు పోయి ఉంది. చూపుడు వేలి గుంటలో, మధ్యవేలి గుంటలో కూడా పోయింది. ఆ పక్క రెండు గుంటలు అన్నిటికంటే శుభ్రంగా, లోపలి చెక్క మెరిసేటంతగా ఉన్నాయి.

"అరచెయ్యి జారి తగిలి ఉంటుంది," అన్నారు మాస్టారు. అరచెయ్యి అంత దూరం రాదని ఇద్దరికీ తెలుసు. మళ్ళీ రంగు పూసి ఇచ్చారు. "రేపు నువ్వు పక్కనే కూర్చో."

మర్నాడు అంచులు కుట్టే పని తెచ్చుకుని అన్నయ్య ఎదురుగా కూర్చున్నాను. మూడు వేళ్ళు పిడి మీద ఉన్నాయి. మొండి భాగానికీ పిడికీ మధ్య ఖాళీ ఉంది, అందులోంచి కిటికీ వెలుతురు కనిపిస్తోంది. నేను చూస్తున్నంతసేపూ ఏమీ జరగలేదు. సూదిలో దారం ఎక్కించుకుని తలెత్తేసరికి చిటికెన వేలి గుంటలో నీలం కాస్త పల్చబడింది. దారం ముడి వేసుకుని మళ్ళీ చూసేసరికి ఇంకాస్త. మధ్యాహ్నానికి ఆ రెండు గుంటలూ నాకినట్టు శుభ్రమయ్యాయి.

"ఏంటే అలా మిడిగుడ్లేసుకుని చూస్తున్నావు?" అన్నాడు అన్నయ్య.

"పిడి ఎలా ఉంది?"

"బిగువుగా ఉంది." కాసేపు చెక్కి, తలెత్తకుండానే అన్నాడు. "అవి ఉన్నట్టే ఉంది."

అప్పుడే భయపడాల్సింది. నేను సంతోషపడ్డాను. ఎందుకంటే ఆ సాయంత్రం అన్నయ్య ఈల వేశాడు. రెండు నెలలు నవ్వని మనిషి ఈల వేస్తే, వినేవాళ్ళకి భయం ఎక్కడ గుర్తుంటుంది? వదిన వంటగదిలోంచి వచ్చి, గరిటె చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి వింది.

చెక్కపెట్టె ఖాళీ అయింది. ఉలులన్నీ మళ్ళీ గోడకెక్కాయి. వాన జోరు పెరిగింది, తలుపులు ఉబ్బి పట్టేసిన ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే అన్నయ్య కోసం రావడం మొదలైంది. అతని పనితనం పెరిగిందని అందరూ అన్నారు. నిజమే, అంతకుముందు అతను రెండు చెక్కలు కలిపిన కీళ్ళల్లో వెంట్రుక దూరేది, ఇప్పుడు అదీ దూరదు.

నేను రెండో పిడి చేశాను, తరవాత మూడోది. మాస్టారు నేర్పిన పద్ధతి తు.చ. తప్పలేదు. రంగు మిగిలిన చోట చెక్క తీసేశాను, పోయిన చోట గుంట లోతు చేశాను. రంగు ఆ చోట్లే ఎందుకు మిగులుతోందో మాత్రం నా బుర్రకి తట్టలేదు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు ఆనాల్సిన చోట నీలం ఒక్కోరోజు ఒక్కోపొర ఎక్కువ మిగులుతోంది. ఆనడం లేదు కదా అని ఆ గుంటలు చెక్కి చెక్కి చదును చేశాను. మూడో పిడి పూర్తయ్యేసరికి అది రెండు వేళ్ళ కోసం చేసిన పిడిలా తయారైంది. ఆ రెండూ ఏవో చెప్పక్కర్లేదు.

మూడో పిడి చూసినప్పుడు మాస్టారు భూతద్దం తెప్పించారు.

"చిటికెన వేలి గుంటలో ఈ గీత ఏంటి?"

శుభ్రంగా తుడిచినట్టున్న గుంటలో అడ్డంగా ఒక సన్నటి నీలిగీత మిగిలిపోయింది. అక్కడేదో నొక్కుకుపోయి, చెక్కకి ఆననట్టు. నాకు చూడగానే తెలిసింది. నాకు పదేళ్ళప్పుడు, మా అమ్మ మిషను మీద గుడ్డ పట్టుకోమని అన్నయ్యని కూర్చోబెట్టి, చక్రం తిప్పి, సూదిని అతని చిటికెన వేలిలో దింపాను. ఆ మచ్చ అలాగే ఉండిపోయింది, లోతుగా, అడ్డంగా. ఆ వేలుతోపాటే అదీ పోయిందనుకున్నాను.

"తెలీదు మాస్టారూ," అన్నాను. ఆయన ముందు నేను ఆడిన మొదటి అబద్ధం అదే. ఆయన నావైపు ఒకసారి చూసి భూతద్దం పక్కన పెట్టారు.

తరవాత ఇంట్లో ఒక్కొక్కటే జరగసాగాయి. అన్నయ్య చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. పగిలిన చప్పుడు విన్నాక గానీ జారిందని అతనికి తెలీలేదు. చొక్కా గుండీలు పెట్టుకోలేక వదినని పిలిచాడు. "వాన చలికి తిమ్మిరి," అన్నాడు. డాక్టరు గుచ్చి చూసి, నరాలు శుభ్రంగా ఉన్నాయన్నాడట. పిడి తొడిగితే మాత్రం చెయ్యి సూదిలో దారం ఎక్కించేంత నిలకడగా పనిచేసేది.

ఒక ఆదివారం వదినా నేనూ వెనక మెట్ల మీద కూర్చుని ఆరీ ఆరని బట్టలు మడతపెడుతున్నాం.

"అమ్మాయ్, ఒకటి చెప్తాను, నవ్వకూడదు."

"నవ్వే మొహంలా ఉందా నాది? చెప్పు."

"మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకుంటే ఐదు వేళ్ళు తగులుతున్నాయి."

నా చేతిలో దిండుగలీబు అలాగే ఉండిపోయింది.

"మొదట్లో నా భ్రమ అనుకున్నాను," అంది వదిన. "నీకు చెప్పడానికేం, కాస్త సంతోషంగా కూడా అనిపించింది. పాతరోజులు గుర్తొచ్చి. ఇప్పుడు రెండే తగులుతున్నాయి."

"ఏ రెండు?"

నా మణికట్టు పట్టుకుని, అంచు మీద రెండు చోట్ల నొక్కి చూపించింది. "ఇక్కడా, ఇక్కడా. మిగతా మూడూ నా చేతి మీదే ఉంటాయి, కళ్ళతో చూస్తూనే ఉంటాను. కానీ ఏదో గుడ్డ కప్పినట్టే ఉంటుంది. ఆ రెండు మాత్రం బిగుసుకుంటాయి. చల్లగా ఉంటాయి. విడిపించుకోవాలంటే లాక్కోవాల్సి వస్తోంది." మడతపెట్టిన చీర మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మనమేమైనా చేశామా అమ్మాయ్?"

మనం కాదు వదినా, నేను, అని చెప్పడానికి నోరు రాలేదు. అంత పెద్ద నోరూ అప్పుడే మూగబోయింది.

అప్పుడే వెనక గదిలోంచి వాసన వచ్చింది. వెంట్రుకలు కాలినట్టు, అందులో ఇంకేదో కలిసినట్టు. లోపల ఈల వినిపిస్తోంది. నేనే ముందు పరుగెత్తాను.

అన్నయ్య కిటికీ చట్రం కీలు అమరుస్తున్నాడు. పక్కన జిగురు కాగే గిన్నె సెగలు కక్కుతోంది. అతని చూపుడు వేలు ఆ గిన్నెకి ఆనుకుని ఉంది.

"అన్నయ్యా, చెయ్యి."

"ఏ చెయ్యి?" అన్నాడు.

నేనే లాగేశాను. వేలి మీద చర్మం తెల్లగా ఊడివచ్చింది. అతను దాన్ని ఎవరిదో వేలు చూసినట్టు చూశాడు.

"నొప్పిగా లేదా?"

"లేదే." మామూలుగా అన్నాడు. "ఇవి రెండూ సెగ తగలగానే ముందే తప్పుకున్నాయి. ఇది పాపం చూసుకోలేదు."

అతను ఇవి అన్న చోట ఏమీ లేదు. వదిన వేలికి తడిగుడ్డ చుట్టింది.

మూడు రోజులు ఎలాగో ఓర్చుకున్నాను. నాలుగోనాడు వెనక గదిలోకి వెళ్ళి చెయ్యి చాపాను.

"పిడి ఇటివ్వు."

"ఎందుకు?"

"ఆ గుంటలు పూడ్చాలి. మాస్టారు మొదటిరోజే చెప్పారు, నేనే వినలేదు. నేను చోటు పెట్టాను, అవొచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు ఉన్నవాటిని తోసేస్తున్నాయి."

అన్నయ్యకు నా మాట వింతగా అనిపించలేదు. అతనికి ముందే తెలుసు. "నువ్వే ఇచ్చి నువ్వే లాక్కుంటావా?" అన్నాడు. "మూడు వేళ్ళుండీ నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. ఈ రెండూ వచ్చి పని చేసిపెడుతున్నాయి. ఇంటికి మనుషులొస్తున్నారు. నన్ను మళ్ళీ కూర్చోమంటావా?"

"ఉన్న మూడూ పోతాయి అన్నయ్యా. రేపు చెయ్యంతా పోతుంది."

"పోనీ. పని ఆగదుగా."

కోపంగా అనలేదు. బస్సు పోతే పోనీ అన్నట్టు అన్నాడు.

వదిన అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎప్పట్నించి వింటోందో తెలీదు.

"నిన్న నా చెయ్యి పట్టుకుంది మీరు కాదు," అంది.

అన్నయ్య తలెత్తాడు.

"అవెవరో నాకు తెలీదు. నేను మీతో కాపురం చేస్తున్నాను గానీ వాటితో కాదు. మీరు కిటికీ దగ్గర కూర్చున్నా సరే, ఊరికే కూర్చుని నా బుర్ర తిన్నా సరే. నాకు మీ వేళ్ళు కావాలి. మూడే కావాలి."

అన్నయ్య పట్టీ విప్పబోయాడు. పట్టీ ఎడమచేతికి లొంగలేదు, కుడిచేతి వేళ్ళు మాట వినలేదు. పళ్ళతో లాగి విప్పి, పిడిని బల్ల మీద పెట్టాడు.

చెక్కలో లొసుగులు పూడ్చాలంటే వడ్రంగులు రంపపు పొట్టు, జిగురు కలిపి ముద్ద చేసి కూరతారు. నేను ముద్ద కలిపి ఆ రెండు గుంటల్లో కూరి, చాకుతో చదును చేశాను. చాకు తుడవడానికి గుడ్డ కోసం వెనక్కి తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి ముద్దలో రెండు సొట్టలున్నాయి.

వదిన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుంది. "నేను కాదు," అంది.

మళ్ళీ చదును చేశాను. ఈసారి చూపు తిప్పకూడదనుకున్నాను. గాలికి కిటికీ రెక్క ఫట్‌మని కొట్టుకుంది, ముగ్గురం అటు చూశాం. ఇటు చూసేసరికి సొట్టలు ఇంకా లోతుగా ఉన్నాయి. వేలిముద్ర గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా పడ్డాయి. చిన్న సొట్టలో అడ్డంగా సూదిమచ్చ ఉంది.

"నా వల్ల కాదు అన్నయ్యా," అన్నాను. నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది నాకు. చాకు బల్ల మీద పెట్టేశాను.

అన్నయ్య స్టూలు లాక్కుని పిడి ముందు కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసి వెళ్ళిపోతున్నవాళ్ళతో మాట్లాడినట్టు, నెమ్మదిగా, వాటితో అన్నాడు.

"చాలా చేశారు. ఇక చాలు. మిగతాది నేను చూసుకుంటా."

ముద్దని ఎడమచేత్తో సర్ది, కుడిచేతి మూడు వేళ్ళూ దాని మీద పెట్టి నొక్కాడు. కాలిన వేలికి చుట్టిన గుడ్డ జిగురులో తడిసింది. జిగురు గట్టిపడేదాకా తియ్యకూడదు. కిందనుంచి ఏదో తోస్తున్నట్టు అతని మణికట్టు అదురుతోంది. మెడ నరాలు ఉబ్బాయి. ఎంతసేపో చెప్పలేను, వాన ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది. చివరికి అతని మొహం అదోలా అయింది.

"అబ్బా," అన్నాడు. "మండుతోందే."

"ఏది?" అన్నాను.

"చూపుడు వేలు. నిప్పుల్లో పెట్టినట్టు మండుతోంది."

వదిన గోడ మీదుగా జారి అలాగే నేల మీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీదు. "మండనివ్వండి," అంది. "చెయ్యి మాత్రం తియ్యకండి."

అతను తియ్యలేదు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, పళ్ళు బిగించి, జిగురు ఆరేదాకా అలాగే నొక్కిపట్టాడు.

నాలుగో పిడికి మూడే గుంటలు. మాస్టారికి జరిగిందంతా చెప్పాను, అబద్ధం ఆడానని కూడా చెప్పాను. ఆయన నమ్మారో లేదో తెలీదు. రంగు పూసి ఇచ్చి, సాయంత్రం చూసి, మూడు చోట్ల మాత్రమే పోయిన రంగుని బొటనవేలితో తడిమి, "ఇదీ కొలత," అన్నారు. అంతకుమించి ఆయన ఎప్పుడూ ఎవరినీ మెచ్చుకోలేదని కళ్ళజోడు అమ్మాయిలు చెప్పారు.

అన్నయ్య పని నెమ్మదించింది. రెండు రోజుల కిటికీకి వారం పడుతుంది. ఉలి జారుతుంది, కీలు వదులవుతుంది, తిట్టుకుంటూ మళ్ళీ చేస్తాడు. వచ్చేవాళ్ళు తగ్గారు. ఉలులు మాత్రం గోడ మీదే ఉన్నాయి, ఎవరికీ ఇవ్వలేదు. ఈల వెయ్యడం మానేశాడు. దానికి నాకు బాధగా ఉంటుంది, ఎందుకుండదు?

వానలు వెనకబట్టాక, పొడి ఎండ కాసిన ఒక మధ్యాహ్నం, వాళ్ళిద్దరూ వెనక మెట్ల మీద కూర్చున్నారు. అన్నయ్య కుడిచేత్తో వదిన చెయ్యి పట్టుకుని ఏదో చెప్తున్నాడు. నేను కిటికీ పక్కన మిషను ముందు ఉన్నాను. వదిన తల తిప్పి నావైపు చూసింది. ఎన్ని అని కళ్ళతోనే అడిగాను.

వదిన ఖాళీగా ఉన్న చేతిని అన్నయ్యకి కనపడకుండా వీపు వెనక్కి పెట్టి, మూడు వేళ్ళు చూపించింది. నాకు ఊపిరి తిరిగివచ్చింది. మిషను మీద కాలు పెట్టబోతుండగా, ఏదో అనుమానం వచ్చినదానిలా ఆవిడ తల కాస్త వంచి, నాలుగో వేలు సగం లేపింది. కాసేపు అలాగే ఉంచింది. తరవాత దించేసి, అటు తిరిగి అన్నయ్య భుజానికి ఆనుకుంది.